క్లయింటు-సర్వరు విధానం

క్లయింటు-సర్వరు విధానం అనగా ఒక పనిని రెండు ప్రోగ్రాముల మధ్య విభజించి, ఒకటి కోరేదిగానూ, రెండవది సమకూర్చేదిగానూ ఏర్పాటు చేసే పద్ధతి. కోరే ప్రోగ్రామును క్లయింటు అనీ, కోరినదానిని సమకూర్చే ప్రోగ్రామును సర్వరు అనీ అంటారు. ఇవి సాధారణంగా వేర్వేరు కంప్యూటర్లలో ఉండి, నెట్‌వర్కు ద్వారా సందేశాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. అంతర్జాలంలో పుటలు చదవడం, ఈమెయిలు పంపడం, రైలు టికెట్టు కొనడం, ఫోను ద్వారా డబ్బు చెల్లించడం వంటి పనులన్నీ ఈ విధానం మీదనే ఆధారపడి ఉన్నాయి. ఈ రెండు ప్రోగ్రాములు ఒకదానినొకటి ఎలా కనుగొంటాయి, ఎలా మాట్లాడుకుంటాయి, మాట మధ్యలో తెగిపోతే ఏమవుతుంది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

మౌలిక భావన

పుస్తకాల అరల వద్దకు పాఠకులను అనుమతించని పాతకాలపు గ్రంథాలయాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. పాఠకుడు తనకు కావలసిన పుస్తకం పేరు, సంఖ్య ఒక చీటీపై రాసి కిటికీ దగ్గర ఇస్తాడు. లోపలి ఉద్యోగి దానిని చదివి, పుస్తకం ఉంటే తెచ్చి ఇస్తాడు, లేకపోతే లేదని రాసి చీటీ తిప్పి పంపుతాడు. ఇందులో గమనించవలసిన అంశాలు మూడు ఉన్నాయి. మొదటిది, సంభాషణను ప్రారంభించేది ఎప్పుడూ పాఠకుడే. ఉద్యోగి తనంతట తాను వచ్చి పుస్తకం ఇవ్వడు. రెండవది, చీటీని ఏ క్రమంలో రాయాలో ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి. మూడవది, ఒకే ఉద్యోగి ఎందరో పాఠకులకు సేవ చేస్తాడు. కాని ప్రతి పాఠకుడికీ తన చీటీకి మాత్రమే సమాధానం అందుతుంది.

ఇందులో పాఠకుడు క్లయింటు, ఉద్యోగి సర్వరు, చీటీ రాసే నియమం ప్రోటోకాలు. క్లయింటు పంపే సందేశాన్ని అభ్యర్థన అనీ, సర్వరు తిరిగి పంపే సందేశాన్ని సమాధానం అనీ అంటారు.

సర్వరు అనగానే చల్లని గదిలో ఉంచిన పెద్ద యంత్రం చాలామందికి గుర్తుకు వస్తుంది. వాడుకలో అటువంటి యంత్రాలను కూడా సర్వర్లనే పిలుస్తారు. కాని నిర్వచనం ప్రకారం సర్వరు అనేది యంత్రం కాదు, ఒక పాత్ర. సాధారణ ల్యాప్‌టాపులో కూడా సర్వరు ప్రోగ్రామును నడపవచ్చు. ఒకే ప్రోగ్రాము ఒకరికి సర్వరుగా, మరొకరికి క్లయింటుగా ఉండవచ్చు. ఉదాహరణకు ఒక వెబ్ సర్వరు పాఠకుడి బ్రౌజరుకు సర్వరు. అదే సమయంలో సమాచారం కోసం డేటాబేసు సర్వరును అడిగేటప్పుడు అది క్లయింటు.

ఈ విభజన ఎందుకు అవసరం?

సమాచారాన్ని ప్రతి కంప్యూటరులోనూ ఒక నకలుగా ఉంచుకుంటే సరిపోదా అనే ప్రశ్న సహజంగానే వస్తుంది. మారని సమాచారానికి అది సరిపోతుంది. మారే సమాచారానికి సరిపోదు. ఒక రైలులో ఒకే ఒక్క బెర్తు మిగిలి ఉన్నదనుకుందాం. విజయవాడలో ఒకరు, విశాఖపట్నంలో ఒకరు ఒకే క్షణంలో దానిని కోరారు. ఇద్దరి దగ్గరా వేర్వేరు జాబితాలు ఉంటే ఇద్దరికీ అదే బెర్తు దొరుకుతుంది. జాబితా ఒకేచోట ఉండి, అభ్యర్థనలు అక్కడికే చేరితే, సర్వరు వాటిని ఒకదాని తరువాత ఒకటిగా తీసుకుని, మొదటివారికి బెర్తు ఇచ్చి, రెండవవారికి లేదని చెప్పగలదు. అనేకులు పంచుకునే ఒక నిజాన్ని ఒకచోట భద్రపరచడమే సర్వరు ముఖ్య ప్రయోజనం.

భారతీయ రైల్వేల చరిత్ర దీనికి మంచి నిదర్శనం. 1980లలో కంప్యూటరు ద్వారా రిజర్వేషను మొదలైనప్పుడు ఒక్కో నగర కేంద్రం తన పరిధిలోని రైళ్ళ జాబితాను విడిగా ఉంచుకునేది. క్రిస్ అనే రైల్వే సమాచార సంస్థ రూపొందించిన కాన్సర్ట్ అనే వ్యవస్థను 1994లో మొదట సికింద్రాబాదులో ప్రవేశపెట్టారు. తరువాత ఢిల్లీ, ముంబై, కోల్‌కాతా, చెన్నై కేంద్రాలలోనూ అదే వ్యవస్థను నెలకొల్పి, 1999 నాటికి ఐదింటినీ కలిపారు. దానితో ఒక కేంద్రంలోని టెర్మినలు మరొక కేంద్రపు జాబితాలోని బెర్తును కోరడం సాధ్యమైంది. 2002లో ఐ.ఆర్.సి.టి.సి. వెబ్‌సైటు ద్వారా ఇంటి నుండే టికెట్టు కొనే సదుపాయం వచ్చింది. అంటే కౌంటరులోని టెర్మినలు చేసే పనిని ప్రయాణికుడి బ్రౌజరు చేయడం ప్రారంభించింది.

చరిత్ర

అర్పానెట్ అనే నెట్‌వర్కులో తొలి సందేశం 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు వెళ్ళింది. అవతలి కంప్యూటరులో ప్రవేశించడానికి లాగిన్ అనే మాటను టైపు చేయబోగా, రెండు అక్షరాలు చేరగానే అవతలి వ్యవస్థ ఆగిపోయింది. కొంతసేపటి తరువాత ప్రయత్నం ఫలించింది. ఒక కంప్యూటరు వద్ద కూర్చుని దూరాన ఉన్న మరొకదాని సేవను కోరడం అనే ఆలోచన ఆ తొలి ప్రయత్నంలోనే ఉంది. అదే సంవత్సరం రాసిన అర్పానెట్ సాంకేతిక పత్రాలలో సేవ చేసే కంప్యూటరుకు సర్వర్-హోస్ట్ అనీ, వాడుకునే కంప్యూటరుకు యూజర్-హోస్ట్ అనీ పేర్లు కనిపిస్తాయి. క్లయింటు అనే మాట 1970లలో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఈ అర్థంలో వాడుకకు వచ్చింది.

1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ వేర్వేరు నెట్‌వర్కులను కలిపే ప్రోటోకాలును ప్రతిపాదిస్తూ ఒక పత్రం ప్రచురించారు. దాని నుండి టి.సి.పి., ఐ.పి. అనే జంట ప్రోటోకాళ్ళు రూపొందాయి. 1983 జనవరి 1న అర్పానెట్ వీటికి మారింది. అదే సంవత్సరం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖ విడుదల చేసిన 4.2 బి.ఎస్.డి. అనే యూనిక్స్ రూపంలో సాకెట్టు అనే సదుపాయం వచ్చింది. ఫైలును తెరిచి చదివినంత తేలికగా నెట్‌వర్కు అవతలి ప్రోగ్రాముతో మాట్లాడే వీలును సాకెట్టు ప్రోగ్రాములు రాసేవారికి కల్పించింది. నేటికీ క్లయింటు, సర్వరు ప్రోగ్రాములు ఎక్కువగా ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి.

1989లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించాడు. 1990 చివరికి తొలి బ్రౌజరును, తొలి వెబ్ సర్వరును ఒక నెక్స్ట్ కంప్యూటరుపై నడిపాడు. ఇది సర్వరు కనుక ఎవరూ ఆపరాదని ఎర్ర సిరాతో రాసిన ఒక చీటీని ఆ యంత్రానికి అంటించారు. ఒక్కరి బల్ల మీది కంప్యూటరు ఆగితే అది ఆ ఒక్కరి ఇబ్బంది. సర్వరు ఆగితే దానిపై ఆధారపడిన వారందరి ఇబ్బంది. భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవలు 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. సంస్థ ద్వారా అందుబాటులోకి వచ్చాయి.

చిరునామా, పోర్టు

సర్వరుతో మాట్లాడాలంటే క్లయింటుకు రెండు విషయాలు తెలియాలి: ఏ యంత్రం, ఆ యంత్రంలో ఏ ప్రోగ్రాము.

యంత్రాన్ని గుర్తించేది ఐ.పి. చిరునామా. పాతదైన 4వ రూపంలో ఇది 32 బిట్ల సంఖ్య. దానిని 192.168.1.5 వలె నాలుగు భాగాలుగా రాస్తారు. ఈ పద్ధతిలో సుమారు 430 కోట్ల చిరునామాలు మాత్రమే సాధ్యం కనుక, 128 బిట్ల చిరునామాలు గల 6వ రూపం కూడా వాడుకలోకి వచ్చింది.

మనుషులు సంఖ్యలను గుర్తుంచుకోలేరు కనుక వెబ్‌సైట్లకు పేర్లు ఉంటాయి. పేరును చిరునామాగా మార్చే పనిని డి.ఎన్.ఎస్. చేస్తుంది. దీనిని 1983లో పాల్ మాకపెట్రిస్ రూపొందించాడు. అంతకుముందు అన్ని కంప్యూటర్ల పేర్లూ ఒకే ఫైలులో ఉండేవి. ఆ ఫైలును అందరూ నకలు తీసుకునేవారు. కంప్యూటర్లు పెరిగేసరికి అది అసాధ్యమైంది. డి.ఎన్.ఎస్.లో ఈ భారం అంచెలంచెలుగా పంచబడింది. మూల సర్వర్లను అడిగితే అవి పేరులోని చివరి భాగానికి బాధ్యత వహించే సర్వర్లను చూపుతాయి. అవి ఆ సంస్థ సర్వరును చూపుతాయి. అది అసలు చిరునామాను చెబుతుంది. ఒకసారి తెలిసిన జవాబును కొంతకాలం దాచుకుంటారు కనుక, ప్రతిసారీ ఇంత దూరం వెళ్ళవలసిన అవసరం ఉండదు. డి.ఎన్.ఎస్. కూడా క్లయింటు-సర్వరు విధానంలోనే పనిచేస్తుందని గమనించాలి.

ఒకే యంత్రంలో అనేక సర్వరు ప్రోగ్రాములు నడవవచ్చు. పోస్టాఫీసు ఒకటే అయినా స్టాంపులకు ఒక కిటికీ, పొదుపు ఖాతాలకు ఒక కిటికీ, స్పీడు పోస్టుకు ఒక కిటికీ ఉన్నట్లు, ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో పోర్టు సంఖ్య ఉంటుంది. ఇవి 0 నుండి 65,535 వరకు ఉంటాయి. వాటిలో 1,023 వరకు ఉన్న సంఖ్యలను ప్రసిద్ధ సేవలకు కేటాయించారు. ఈమెయిలు బదిలీకి 25, డి.ఎన్.ఎస్.కు 53, సాధారణ వెబ్‌కు 80, గుప్తీకరించిన వెబ్‌కు 443 వాడతారు.

క్లయింటుకు కూడా ఒక పోర్టు ఉంటుంది. దానిని కంప్యూటరు అప్పటికప్పుడు ఖాళీగా ఉన్న పెద్ద సంఖ్యలలో నుండి ఎంచుతుంది. క్లయింటు చిరునామా, క్లయింటు పోర్టు, సర్వరు చిరునామా, సర్వరు పోర్టు అనే ఈ నాలుగు సంఖ్యలు కలిసి ఒక కనెక్షనును గుర్తిస్తాయి. ఒకే బ్రౌజరులో ఒకే వెబ్‌సైటును రెండు కిటికీలలో తెరిచినా, ఒకదాని సమాధానం మరొకదానిలోకి పోకపోవడానికి కారణం ఇటువంటి గుర్తింపే.

కనెక్షను ఏర్పడే తీరు

సర్వరు ప్రోగ్రాము మొదట ఒక సాకెట్టును తెరిచి, దానిని ఒక పోర్టుకు జతచేసి, ఎదురుచూస్తూ ఉంటుంది. క్లయింటు వచ్చినప్పుడు టి.సి.పి. ప్రకారం మూడు సందేశాలు నడుస్తాయి. దీనిని ముమ్మారు కరచాలనం అనవచ్చు.

1. క్లయింటు: నేను మాట్లాడదలచాను, నా లెక్క 5000 నుండి మొదలవుతుంది.
2. సర్వరు: అందింది, నీ నుండి 5001 కోసం చూస్తున్నాను, నా లెక్క 9000 నుండి మొదలవుతుంది.
3. క్లయింటు: అందింది, నీ నుండి 9001 కోసం చూస్తున్నాను.

ఇక్కడి సంఖ్యలు ఉదాహరణకు ఇచ్చినవి. వాస్తవంలో వీటిని ఊహించడానికి వీలులేకుండా ఎంచుతారు. రెండు సందేశాలు చాలవా అనే సందేహం కలగవచ్చు. రెండే ఉంటే, తాను పంపిన లెక్క క్లయింటుకు చేరినదో లేదో సర్వరుకు తెలియదు. పైగా దారిలో ఎక్కడో ఆలస్యమై వచ్చిన పాత అభ్యర్థనను కొత్తదిగా పొరబడి, లేని క్లయింటు కోసం సర్వరు కనెక్షను తెరిచి ఉంచే ప్రమాదం ఉంది. మూడవ సందేశం ఈ రెండు లోపాలనూ తొలగిస్తుంది.

లెక్క దేనికంటే, సమాచారం నెట్‌వర్కులో ఒకే ముక్కగా పోదు. అది చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోతుంది. సాధారణ నెట్‌వర్కులో ఒక ప్యాకెట్టు సుమారు 1,500 బైట్లకు మించదు. 60,000 బైట్ల పుట నలభైకి పైగా ప్యాకెట్లలో వస్తుంది. అవి వేర్వేరు దారులలో రావచ్చు, వరుస తప్పవచ్చు, కొన్ని అసలే రాకపోవచ్చు. ప్రతి బైటుకూ ఒక వరుస సంఖ్య ఉంటుంది కనుక అందుకున్నవారు వాటిని సరైన క్రమంలో పేర్చగలరు. అందినట్లు జవాబు రాని భాగాన్ని పంపినవారు మళ్ళీ పంపుతారు. ఈ విధంగా, నమ్మకంలేని దారి మీద నమ్మదగిన సంభాషణను టి.సి.పి. నిర్మిస్తుంది.

కనెక్షను ఏర్పడనప్పుడు తెరపై కనిపించే రెండు సందేశాల మధ్య తేడాను ఇప్పుడు అర్థం చేసుకోవచ్చు. కనెక్షను తిరస్కరించబడింది అని వస్తే, సాధారణంగా యంత్రం పనిచేస్తోంది కాని ఆ పోర్టు వద్ద ఏ ప్రోగ్రామూ ఎదురుచూడటం లేదని అర్థం. ఇంటికి మనుషులు ఉండి, ఆ పేరు గలవారు ఇక్కడ లేరని చెప్పినట్లు. గడువు ముగిసింది అని వస్తే ఎవరూ బదులే పలకలేదని అర్థం. యంత్రం ఆగిపోయి ఉండవచ్చు, దారి తెగి ఉండవచ్చు, మధ్యలో ఫైర్‌వాలు అడ్డగించి ఉండవచ్చు.

సంభాషణ: హెచ్.టి.టి.పి.

కనెక్షను ఏర్పడటం అంటే టెలిఫోను కలవడం మాత్రమే. ఏ భాషలో మాట్లాడాలో ఇంకా నిర్ణయం కావాలి. వెబ్‌లో ఆ భాష హెచ్.టి.టి.పి. బ్రౌజరు పంపే అభ్యర్థనలో క్రియ, పుట దారి, వెబ్‌సైటు పేరు, తనకు ఏ భాషలు, ఏ రూపాలు సమ్మతమో తెలిపే వరుసలు ఉంటాయి. గెట్ అనే క్రియకు ఇమ్మని అర్థం. పోస్ట్ అనే క్రియకు ఈ సమాచారాన్ని తీసుకొమ్మని అర్థం.

సర్వరు సమాధానం మూడంకెల సంఖ్యతో మొదలవుతుంది. 200 అంటే సక్రమం. 301 అంటే పుట శాశ్వతంగా వేరొక చోటికి మారింది. 404 అంటే అటువంటి పుట లేదు. 500 అంటే సర్వరులోనే లోపం. 503 అంటే ప్రస్తుతం సేవ చేయలేని స్థితి. 4తో మొదలయ్యేవి అభ్యర్థనలోని లోపాలనూ, 5తో మొదలయ్యేవి సర్వరువైపు లోపాలనూ సూచిస్తాయి. కనుక 404 కనిపిస్తే చిరునామాను సరిచూసుకోవాలి. 503 కనిపిస్తే కొంతసేపు ఆగాలి.

హెచ్.టి.టి.పి.కి జ్ఞాపకం లేదు. ఒక అభ్యర్థనకు జవాబు ఇచ్చిన తరువాత, వచ్చే అభ్యర్థన అదే వ్యక్తి పంపినదని ఆ ప్రోటోకాలుకు తెలియదు. ఈ లోటును తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటులి కుకీని రూపొందించాడు. సర్వరు ఒక గుర్తింపు చీటీని క్లయింటుకు ఇస్తుంది. క్లయింటు ప్రతి అభ్యర్థనతోనూ దానిని చూపుతుంది. ఒకసారి లాగిన్ అయితే ప్రతి పుటలోనూ సంకేతపదం అడగకపోవడానికి ఇదే కారణం. ఆ చీటీ ఇతరుల చేతికి చిక్కితే వారు మన పేరుతో ప్రవేశించగలరు. అందుచేతనే ఇంటర్నెట్ కేంద్రాలలోని కంప్యూటర్లలో పని ముగిశాక లాగౌట్ చేయడం అవసరం.

హెచ్.టి.టి.పి. 1991లో ఒక్క వరుస అభ్యర్థనతో మొదలైంది. 1.0 రూపం 1996లో, 1.1 రూపం 1997లో, 2వ రూపం 2015లో, 3వ రూపం 2022లో ప్రమాణ పత్రాలుగా వెలువడ్డాయి. 3వ రూపం టి.సి.పి.కి బదులు క్విక్ అనే కొత్త ప్రోటోకాలుపై నడుస్తుంది. కరచాలనానికి, గుప్తీకరణకు వేర్వేరుగా పట్టే సమయాన్ని కలిపివేయడం దాని ఉద్దేశాలలో ఒకటి.

తెలుగు అక్షరాల ప్రయాణం

క్లయింటు, సర్వరు ఇచ్చిపుచ్చుకునేవి అక్షరాలు కావు, 0 నుండి 255 వరకు ఉండే బైట్లు. ఏ బైట్ల సమూహం ఏ అక్షరమో ఇద్దరూ ఒకే విధంగా అర్థం చేసుకోవాలి. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. అందులో త అక్షరం సంఖ్య 3108. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఈ అక్షరం 224, 176, 164 అనే మూడు బైట్లుగా ప్రయాణిస్తుంది. తెలుగు అనే మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అనే ఆరు సంకేతాలు ఉన్నాయి కనుక అది 18 బైట్లు అవుతుంది.

సర్వరు తన సమాధానంలో ఇది యు.టి.ఎఫ్.-8 అని చెప్పకపోయినా, తప్పుగా చెప్పినా, క్లయింటు అవే బైట్లను పాశ్చాత్య ఐరోపా అక్షరాలుగా చదవవచ్చు. అప్పుడు త స్థానంలో స్వరచిహ్నం గల ఒక రోమను అక్షరం, ఒక డిగ్రీ గుర్తు, ఒక ద్రవ్య చిహ్నం కనిపిస్తాయి. తెలుగు పుటలలో తరచుగా కనిపించిన ఆ వింత గుర్తులు సమాచారం చెడిపోవడం వల్ల వచ్చినవి కావు. ప్రతి బైటూ భద్రంగానే చేరింది. అర్థం చేసుకునే ఒప్పందం మాత్రమే తప్పింది.

దూరం, సమయం

గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. సర్వరు 13,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 26,000 కిలోమీటర్లు. దీనికి కనీసం 0.13 సెకను పడుతుంది. కరచాలనానికి ఒకసారి, గుప్తీకరణ ఒప్పందానికి ఒకసారి, అసలు అభ్యర్థనకు ఒకసారి చొప్పున మూడుసార్లు వెళ్ళిరావాలంటే, మొదటి అక్షరం రావడానికే సుమారు 0.4 సెకను గడుస్తుంది. ఎంత వేగవంతమైన కనెక్షను కొనుక్కున్నా ఈ సమయం తగ్గదు. తగ్గించాలంటే సర్వరు దగ్గరకు రావాలి. అందుకే పెద్ద వెబ్‌సైట్లు తమ పుటల నకళ్ళను అనేక దేశాలలో ఉంచుతాయి. వికీమీడియా సంస్థ ఆసియా పాఠకుల కోసం 2018లో సింగపూరులో ఇటువంటి కేంద్రాన్ని ప్రారంభించింది.

రద్దీ

ప్రతి కనెక్షనుకూ సర్వరు కొంత మెమరీని, కొంత సమయాన్ని కేటాయించాలి. పరీక్షా ఫలితాలు వెలువడిన గంటలో లక్షలాది విద్యార్థులు ఒకేసారి ప్రయత్నిస్తే, ఎదురుచూసే వరుస నిండిపోయి, కొత్తవారికి జవాబు రాదు. అటువంటప్పుడు పుటను పదేపదే మళ్ళీ తెరవడం వల్ల ప్రతిసారీ కొత్త అభ్యర్థన చేరి రద్దీ పెరుగుతుంది. విద్యార్థి వదిలివేసిన పాత అభ్యర్థనకు కూడా సర్వరు తరచుగా పని చేస్తూనే ఉంటుంది.

ఒకే సర్వరు పదివేల క్లయింట్లకు ఏకకాలంలో ఎలా సేవ చేయాలనే సమస్యను 1999లో డాన్ కేగెల్ చర్చకు తెచ్చాడు. ప్రతి క్లయింటుకు ఒక ప్రత్యేక ప్రక్రియను కేటాయించే బదులు, ఎవరి సందేశం వచ్చిందో వారిని మాత్రమే పలకరిస్తూ పోయే పద్ధతి దీనికి పరిష్కారమైంది. 2004లో విడుదలైన ఎన్జిన్‌ఎక్స్ వంటి సర్వర్లు ఈ పద్ధతిని పాటిస్తాయి. ఇంకా పెద్ద రద్దీ ఉన్నచోట అనేక సర్వర్లను వరుసగా ఉంచి, ముందు నిలిచిన ఒక పంపిణీదారు ద్వారా అభ్యర్థనలను పంచుతారు.

సమాధానం రానప్పుడు

ఈ విధానంలోని అత్యంత క్లిష్టమైన సమస్య ఇది. క్లయింటు అభ్యర్థన పంపింది, సమాధానం రాలేదు. దీనికి రెండు కారణాలు ఉండవచ్చు. అభ్యర్థనే సర్వరుకు చేరి ఉండకపోవచ్చు. లేదా సర్వరు పని పూర్తిచేసి ఉండవచ్చు, దాని సమాధానం దారిలో పోయి ఉండవచ్చు. క్లయింటువైపు నుండి చూస్తే ఈ రెండు పరిస్థితులూ ఒకే విధంగా కనిపిస్తాయి. ఎంత ఎదురుచూసినా, ఎదురుచూపు ఒక్కటే ఈ సందేహాన్ని తీర్చలేదు.

పుటను చదవడం వంటి పనిలో దీనివల్ల నష్టం లేదు. మళ్ళీ అడిగితే సరిపోతుంది. ఎన్నిసార్లు చేసినా ఒక్కసారి చేసిన ఫలితమే ఇచ్చే పనులు అవి. డబ్బు బదిలీ అటువంటిది కాదు. అభ్యర్థన నిజంగానే పోయి ఉంటే మళ్ళీ పంపకపోతే పని జరగదు. సమాధానం మాత్రమే పోయి ఉంటే మళ్ళీ పంపితే డబ్బు రెండుసార్లు పోతుంది. నింపిన ఫారం పుటను మళ్ళీ తెరవబోతే బ్రౌజరు హెచ్చరించడానికి కారణం ఇదే.

దీనికి పరిష్కారం ప్రతి లావాదేవీకి క్లయింటు ముందుగానే ఒక ప్రత్యేక సంఖ్యను ఇవ్వడం. అదే సంఖ్యతో రెండవసారి అభ్యర్థన వస్తే, ఇది పాతదేనని సర్వరు గుర్తించి, పనిని మళ్ళీ చేయకుండా పాత ఫలితాన్నే తెలుపుతుంది. 2016లో భారత జాతీయ చెల్లింపుల సంస్థ ప్రారంభించిన యు.పి.ఐ.లో కూడా ప్రతి లావాదేవీకి ఒక సంఖ్య ఉంటుంది. అక్కడ ఫోనులోని ప్రోగ్రాము, చెల్లించేవారి బ్యాంకు, మధ్యనున్న వ్యవస్థ, పుచ్చుకునేవారి బ్యాంకు అన్నీ గొలుసుగా ఒకదానికొకటి క్లయింట్లు, సర్వర్లు. ఏ లంకె వద్ద సమాధానం ఆగినా లావాదేవీ పెండింగులో ఉందని కనిపిస్తుంది. వినియోగదారుడు కొత్తగా మళ్ళీ చెల్లిస్తే దానికి కొత్త సంఖ్య వస్తుంది కనుక, సర్వరు దానిని వేరొక చెల్లింపుగానే భావిస్తుంది. కాబట్టి రెండవసారి చెల్లించే ముందు, మొదటి సంఖ్యతో దాని స్థితిని తెలుసుకోవడం శ్రేయస్కరం.

విశ్వాసం

సాధారణ హెచ్.టి.టి.పి.లో సందేశాలు పోస్టుకార్డుల వంటివి. దారిలో ఉన్నవారెవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. దీనిని నివారించడానికి నెట్‌స్కేప్ సంస్థ 1995లో ఎస్.ఎస్.ఎల్. ప్రోటోకాలును ప్రవేశపెట్టింది. దాని వారసత్వంగా 1999లో టి.ఎల్.ఎస్. వచ్చింది. దాని 1.3 రూపం 2018లో వెలువడింది. ఇందులో సర్వరు తన పేరును ధ్రువీకరించే పత్రాన్ని చూపుతుంది. ఆ పత్రంపై క్లయింటు ముందే నమ్మిన ఒక సంస్థ సంతకం ఉందో లేదో బ్రౌజరు పరీక్షిస్తుంది. ఆ తరువాత ఇద్దరికీ మాత్రమే తెలిసిన రహస్య తాళంచెవిని ఏర్పరచుకుని, సందేశాలను గుప్తీకరిస్తారు.

ఈ పత్రం ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో తెలుసుకోవడం ముఖ్యం. చిరునామా పట్టీలో కనిపించే పేరు గల సర్వరుతోనే మాట్లాడుతున్నామని అది చెబుతుంది. ఆ సర్వరును నడిపేవారు నిజాయితీపరులని చెప్పదు. బ్యాంకు పేరును పోలిన పేరు నమోదు చేసుకున్న మోసగాడికి కూడా ఇటువంటి పత్రం దొరుకుతుంది. తాళం గుర్తు ఉంటే చాలు సురక్షితమనే అపోహ వ్యాపించడం వల్ల క్రోమ్ బ్రౌజరు 2023లో ఆ గుర్తును తొలగించి వేరొక గుర్తును ఉంచింది. పాఠకుడు చూడవలసినది గుర్తును కాదు, పేరులోని ప్రతి అక్షరాన్ని.

పరిమితులు, ప్రత్యామ్నాయాలు

సమాచారం ఒకచోట ఉండటం ఈ విధానానికి బలమూ, బలహీనతా కూడా. సర్వరు ఆగితే క్లయింట్లన్నీ నిరుపయోగమవుతాయి. సర్వరును నడిపే సంస్థ మూతపడితే అందులో దాచుకున్న ఛాయాచిత్రాలు, రచనలు, ఉత్తరాలు కూడా పోవచ్చు. ఎవరు సర్వరును నడుపుతారో వారే నియమాలను నిర్ణయిస్తారు. ముఖ్యమైన దస్త్రాలకు ఒక నకలును తన వద్ద కూడా ఉంచుకోవాలని నిపుణులు చెప్పడానికి కారణం ఇదే.

దీనికి భిన్నమైనది సమస్థాయి విధానం. ఇందులో ప్రతి కంప్యూటరూ క్లయింటుగానూ, సర్వరుగానూ ఉంటుంది. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టోరెంట్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఇందులో ఒక ఫైలును పొందేవారే దాని ముక్కలను ఇతరులకు అందిస్తారు కనుక, కోరేవారు పెరిగేకొద్దీ ఇచ్చేవారూ పెరుగుతారు. కాని చివరి బెర్తు ఎవరిదో తేల్చవలసిన సందర్భంలో అందరూ అంగీకరించే ఒక జాబితా కావాలి. దానిని సమస్థాయి విధానంలో సాధించడం కష్టసాధ్యం. అందుచేత రిజర్వేషను, బ్యాంకింగు, ఫలితాల ప్రకటన వంటి సేవలలో క్లయింటు-సర్వరు విధానమే ప్రధానంగా కొనసాగుతోంది.